వాన జోలికి పోకూడదు

అనంతపురం వైపు వెళ్ళొచ్చానని చెబితే మా వీధిలో నలుగురూ అడిగిన మాట ఒక్కటే: "అక్కడ ఏముందండీ చూడ్డానికి?" మాది కోనసీమ. మా వాళ్ళ లెక్కలో నీళ్ళు లేని చోటికి ఏదైనా పని పడితేనే వెళ్ళాలి, ఊరికే వెళ్ళకూడదు. నేను వెళ్ళింది పనికీ కాదు, సరదాకీ కాదు. ఒక మనిషి చెప్పిన మాట నిజమో కాదో చూసి రావడానికి వెళ్ళాను. చూసొచ్చాను కాబట్టి వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఇరవై ఆరేళ్ళుగా డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతున్నాను. జవాబు పత్రంలో "అలా జరక్కపోయి ఉంటే" అనే మాట కనబడితే చాలు, ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేస్తాను. జరిగింది రాయమంటే జరగనిది రాస్తారేమిటని నా చిరాకు. మొన్న మార్చిలో స్టాఫ్ రూములో కూర్చుని అలాగే కొట్టేస్తూ ఉంటే మా లైబ్రేరియన్ షాహీన్ చూసి, "మా ఊళ్ళో ఆ మాట చెప్పనిదే విత్తనం వెయ్యరు మేడమ్" అంది. ఆమెది బత్తలపల్లె నుంచి కదిరి వెళ్ళే దారిలో ఒక చిన్న పల్లె. నేను నవ్వేశాను. ఆమె మాత్రం నవ్వలేదు. "తొలివాన పడగానే చిన్నాన్న చేత ఫోన్ చేయిస్తాను, వెళ్ళి మీ కళ్ళతో చూడండి" అంది.

జూన్‌లో కాలేజీ ఇంకా తెరవకముందే ఫోనొచ్చింది. "వానొచ్చినాదమ్మా. మూడు దినాల్లోపల రావల్ల. నాలుగో దినం వస్తే ఏమీ ఉండదు." అంతే, పెట్టేశారు.

బత్తలపల్లెలో ఉగ్గాని

బత్తలపల్లెలో బస్సు మారాలి. కదిరి బస్సుకి గంట టైముందన్నారు. రోడ్డు పక్క హోటల్లో ఏముందని అడిగితే ఉగ్గాని అన్నాడు. మరమరాలు నానబెట్టి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపు వేసి, పైన వేయించిన పప్పుల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ఇచ్చాడు. ముప్ఫై రూపాయలు. మా వైపు మరమరాలు సాయంత్రం పిల్లలకి చిరుతిండి. ఇక్కడ అది పొద్దుటి టిఫిను, ఒక్క ప్లేటుతో మధ్యాహ్నం దాకా ఆకలి వెయ్యలేదు. బజ్జీ కొరికాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హోటలాయన చూసి, "ఏమమ్మా, కోస్తా ఆమెవా?" అన్నాడు. కారం తినలేకపోయేసరికి నా ఊరు తెలిసిపోయింది.

కోనసీమ అని చెప్పగానే ఆయనకి హుషారొచ్చింది. "మీ నీళ్ళు మాకు వచ్చింటే, మేమూ మీ మాదిరే పొద్దున్నే ఇడ్లీలు తిని, మధ్యాహ్నం నిద్రపోయిండేవాళ్ళం. ఈడ ఎవరప్పా మిరపకాయలు నమిలేది?" అన్నాడు. పక్క బల్ల మీద పేపరు చదువుతున్న పెద్దాయన తలెత్తకుండానే, "మీ నాయన మిరపకాయ బజ్జీ అమ్మితే కదరా నువ్వు హోటలు పెట్టింది. నీళ్ళొచ్చింటే నువ్వు యాడుంటావో" అన్నాడు.

నేను టీ తాగుతూ ఆ ముక్క గురించే ఆలోచించాను. మా క్లాసులో ఇరవై ఏళ్ళ పిల్లలకి తట్టని సంగతి అది. ఒకటి మార్చావంటే దానికి అతుక్కున్నవన్నీ కదులుతాయి. హోటలాయన నీళ్ళు తెచ్చుకున్నాడు గానీ, ఆ నీళ్ళతో పాటు తన హోటలు కొట్టుకుపోతుందని చూసుకోలేదు. మరోటి కూడా గమనించాను. "వచ్చి ఉంటే" అని మనం విడదీసి, కాస్త మొహమాటంగా అంటాం. ఇక్కడ "వచ్చింటే" అని చప్పున అనేస్తారు. రోజూ తొక్కే గడప అరిగినట్టు అరిగిపోయింది ఆ మాట.

గొడుగు తెచ్చిన మనిషి

దిగాల్సిన చోటికి ఒక స్టేజీ ముందే దిగేశాను. కండక్టరు తప్పేమీ లేదు, నా తొందరే. కిలోమీటరు నడవాలి. ఎర్రనేల, అటూ ఇటూ ఖాళీ చేలు, దూరంగా రాళ్ళు పేర్చినట్టు గుట్టలు. సగం దూరం నడిచేసరికి తుంపర మొదలైంది. అలవాటుగా గొడుగు తెరిచాను. బురదలో చెప్పు దిగబడి ఎడమ కాలిది ఉంగరం దగ్గర తెగింది. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో చెప్పు పట్టుకుని నిలబడ్డాను.

పక్క చేలోంచి ఒకామె కేకేసింది. "అక్కా, గొడుగు మూసేయ్! వాన చూసి సిగ్గుపడి పోతాది!"

వేళాకోళం అనుకున్నాను. కాదు. దగ్గరికొచ్చి, చెంగుతో చెయ్యి తుడుచుకుని, నా చేతిలో గొడుగు తీసుకుని తనే మూసింది. నలభై ఏళ్ళుంటాయేమో, సన్నగా, గట్టిగా ఉంది. పేరు ఓబులమ్మ. నేను వెళ్ళాల్సింది షాహీన్ చిన్నాన్న, వడ్రంగి బాబయ్య ఇంటికని చెబితే, ఇద్దరం ఒకే ఊరికని నాతో బయల్దేరింది. బయల్దేరే ముందు ఒక్క నిమిషం ఆగమని, చేలో గొంతుకూర్చుని, చూపుడువేలు మట్టిలోకి గుచ్చింది. వేలు బయటికి తీసి చూసుకుంది. ఎర్రటి తడి మట్టి అరచేతి వైపు మొదటి కణుపు నుంచి వేలి కొన దాకా అంటుకుని ఉంది.

"మొదటి కణుపు కాడ తడి ఉండాది. రేపటికి రెండో కణుపుకు పోతాది. మూడో కణుపు దాటితే శెనక్కాయ ఇత్తనానికి అందదు" అంది.

"ఈ తుంపరకి తడవదా?"

"ఇది నీ గొడుక్కు చాలు, మా నేలకు చాలదు."

మూడెకరాల చేను అది. ఇంట్లో ఒక్కసారి విత్తడానికి సరిపోయే విత్తనం ఉంది. నేల తడి ఆరకముందే, ఈ పదునులో పడితే పడినట్టు. లేకపోతే చేను సోలారు పలకల వాళ్ళకి రాసిచ్చేసి, మొగుడూ పెళ్ళాలిద్దరూ బెంగుళూరు వెళ్ళి ఇటుకలు మోయాల్సిందేనని చెప్పింది. ఎవరింటి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. మరి ఇంకా విత్తలేదేమని అడిగాను.

"నా మొగుడు నోరు తెరవల్ల. అప్పుడు గొర్రు వస్తాది" అంది.

ఒక్క బకెట్టు

బాబయ్యకి డెబ్భై దగ్గర ఉంటాయి. ఊళ్ళో మిగిలిన ఒక్క వడ్రంగి. భార్య మాబున్నీ బొంతలు కుడుతుంది. నేను వెళ్ళేసరికి రాగి సంగటి, గురుగాకు పప్పు, వేయించిన శెనక్కాయలు, ఎండుమిర్చి వేసి రోట్లో నూరిన పచ్చడి తయారుగా ఉన్నాయి. సంగటి ముద్దను నమలకూడదని, పప్పులో అద్ది మింగాలని మాబున్నీ నేర్పింది. నేను నమిలాను. బంకలా పళ్ళకి అతుక్కుంది. ఆమె పడీ పడీ నవ్వింది.

స్నానానికి ఒక బకెట్టు నీళ్ళు పెట్టింది. బురద కాళ్ళు కడిగేసరికే సగం అయిపోయాయి. రెండో బకెట్టు అడగబోయి, వాకిట్లో వరసగా నింపి మూతలు పెట్టిన బిందెలు చూసి నోరు మూసుకున్నాను. మా ఇంట్లో కాలవ నీళ్ళు మోటారు పెట్టి తోడుకుని, ట్యాంకు నిండి పొర్లిపోతున్నా టీవీ చూస్తూ కూర్చుంటాం. మిగిలిన సగం బకెట్టుతో ఎలాగో స్నానం ముగించాను. సబ్బు పూర్తిగా వదల్లేదు.

తర్వాత బాబయ్య గొర్రు చూపించాడు. ఇంటి పక్కన రేకుల కొట్టంలో, తాళం వేసిన గదిలో ఉంది. పొడవాటి తుమ్మచెక్క దూలం, దానికి కిందకి దిగిన నాలుగు పళ్ళు, పళ్ళలోకి వెదురు గొట్టాలు, అన్నీ కలిసే చోట చెక్క గిన్నె. దాన్ని జడ్డిగం అంటారట. ఎద్దులు లాగుతుంటే వెనక ఆడమనిషి ఆ గిన్నెలో పిడికిలితో గింజలు వదులుతుంది, నాలుగు సాళ్ళలో సమంగా పడతాయి. గుట్టవాలు చేలల్లోకి ట్రాక్టరు ఎక్కదు కాబట్టి అలాంటి చేలున్న పదకొండు ఇళ్ళకీ ఇదొక్కటే ఆధారం. తాళంచెవి బాబయ్య మొలతాడుకి ఉంది.

"పోయినేటి మాట చెప్పినోళ్ళకే గొర్రు" అన్నాడు.

నేను వచ్చింది దీనికోసమే. నోట్‌బుక్ తీశాను. ఆయన దాని వంక చూసి, రాసుకునేంత లేదన్నట్టు చెయ్యి ఊపాడు. అయినా రాసుకున్నాను. తొలివాన పడ్డాక ఆ పదకొండు ఇళ్ళవాళ్ళూ ఈ కొట్టం ముందర కూర్చుంటారు. పోయిన సంవత్సరం సేద్యంలో తాను చేసింది ఒకటి తీసుకుని, అది అలా చెయ్యకుండా ఉంటే ఏమయ్యేదో చెప్పాలి. ఒక్కటే మార్చాలి. మిగతాదంతా జరిగింది జరిగినట్టే ఉంచాలి. తన చేతి పనే మార్చాలి, పక్కవాడి చెయ్యి మార్చకూడదు.

"వాన జోలికి పోకూడదు" అని వేలెత్తి మరీ చెప్పాడు. "వాన వచ్చింటే అని ఎవరైనా ఏడ్చొచ్చు. దానికి ఈడికి రావాల్నా?"

"ఎందుకు పెట్టారిది?"

"గొర్రు తోలే మనిషి, ఇత్తనం పోసే మనిషి కడుపులో ఏదన్నా పెట్టుకోని చేలోకి పోతే సాలు సాలుకూ తేడా వస్తాది. ఒకరు తొందరగా తోల్తారు, ఒకరు పిడికిలి బిగబట్టి పోస్తారు. మొలక చూస్తే తెలుస్తాది, యా ఇంట్లో తగువుందో. మా నాయన కాలం నుంచి ఇంతే."

ఓబులమ్మ ఇంటి సంగతి అప్పుడు మాబున్నీ చెప్పింది. పోయినేడు తొలివానకే విత్తొద్దు, రెండో వాన దాకా ఆగుదామని ఓబులమ్మ అంది. ఆమె మొగుడు నాగన్న ఆగలేదు, విత్తాడు. మొలకలు వచ్చి, తర్వాత మాడిపోయాయి. అప్పట్నుంచి ఆ ఇంట్లో అవసరమైన మాట తప్ప ఇంకో మాట లేదు. విత్తింది నాగన్న చెయ్యి కాబట్టి నాగన్నే వచ్చి చెప్పాలి. ఆయన తరఫున ఓబులమ్మ చెప్పడానికి లేదు. ఆయన రానంటున్నాడు.

"రాకపోతే?"

"గొర్రు రాదు" అంది మాబున్నీ, బొంతలో సూది దించుతూ. ఇది మరీ మొండితనం కాదా అని నాకు కోపం వచ్చింది. మూడెకరాల చేను, ఒక కుటుంబం, ఇదంతా ఒక మాట కోసం ఆపుతారా? బాబయ్యని అడిగేశాను. "మాట లేకుండా రెండు సార్లు ఇచ్చి చూసినాంలేమ్మా, మొలక సరిగా రాలేదు" అని మాత్రం అన్నాడు.

కొట్టం ముందర

మర్నాడు పొద్దున ఏడింటికి జనం చేరారు. పాతిక మంది ఉంటారు, ఆడా మగా. చాపల్లేవు, కొందరు రాళ్ళ మీద, కొందరు చెప్పులు విడిచి వాటి మీద కూర్చున్నారు. నాగన్న రాలేదు. ఓబులమ్మ వెనక, గోడకి ఆనుకుని కూర్చుంది.

ముందు కుళ్ళాయప్ప అనే రైతు లేచాడు. "పోయినేడు నేను శెనక్కాయ మధ్యలో కంది సాళ్ళు ఏయలేదు. ఏసింటే?" అన్నాడు. బాబయ్య, "ఆ తర్వాత?" అన్నాడు. "శెనక్కాయ పోయినా కంది నిలబడిండేది." "ఆ తర్వాత?" "నాలుగు మూటలు వచ్చిండేది." "యా లెక్కన?" "పక్క చేలో మా తమ్మునికి వచ్చినాది, అదే నేల." "ఆ తర్వాత?" కుళ్ళాయప్ప తల గోక్కున్నాడు. "ఆ తర్వాత తెలీదు." "తెలీనికాడ ఆపు. ఈసారి?" "ఈసారి కంది ఏస్తా." కూర్చున్నాడు. అంతా కలిపి ఐదు నిమిషాలు పట్టలేదు.

నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. మార్పు ఒక్కటే, మిగతాది కదపడం లేదు. సాక్ష్యం పక్క చేలో ఉంది. తెలియని చోటికి రాగానే ఆగిపోతున్నారు. దీన్నేనా నేను ఇరవై ఆరేళ్ళు ఊహ అని కొట్టేసింది? నా పిల్లలు చేసే తప్పు ఊహించడం కాదు, ఆగాల్సిన చోట ఆగకపోవడం. ఆ ఆగడం నేర్పాల్సిన మనిషిని నేనే, నేర్పకుండా ఎర్ర సిరా వాడుకున్నాను.

వరసగా ఆరుగురు చెప్పాక, "కొత్తామె కూడా చెప్పల్ల" అని ఎవరో అన్నారు. నాకు పంట లేదన్నాను. "పని ఉండాది కదా" అన్నాడు బాబయ్య. చరిత్ర టీచర్ని, మామూలుగా మాట్లాడితే ఎలా అని గొంతు సవరించుకుని, గోదావరి మీద ఆనకట్ట కట్టకపోయి ఉంటే అని మొదలుపెట్టాను. రెండు వాక్యాలు అయ్యాయో లేదో జనం నవ్వడం మొదలుపెట్టారు.

"ఆనకట్ట నువ్వు కట్టినావా అక్కా?" అంది ఒక ముసలామె.

నవ్వుకి ఉక్రోషం వచ్చింది గానీ, న్యాయం వాళ్ళ వైపే ఉంది. నా చేతి పని ఏమిటా అని ఆలోచిస్తే ఎర్ర సిరాయే తగిలింది. చాన్నాళ్ళ కిందట ఒక పిల్ల, ఆనకట్ట ప్రశ్నకే, "అది లేకపోయి ఉంటే మా అమ్మమ్మ బర్మా వలస పోయేది" అని రెండు పేజీలు రాసింది. నేను సున్నా వేసి, ఊహలు చరిత్ర కావని రాశాను. మరుసటి ఏడాది ఆ పిల్ల చరిత్ర మానేసి కామర్స్‌లో చేరింది. ఇది చెప్పాను.

"సున్నా ఏయకపోయింటే?" అన్నాడు బాబయ్య.

"నాలుగు మార్కులు వచ్చేవి."

"ఆ తర్వాత?"

"చరిత్రలోనే ఉండేది."

"నీకెట్ల తెలుసు? ఆ పిల్ల చెప్పిందా?"

చెప్పలేదు. నేనెప్పుడూ అడగలేదు. "పేరేమి ఆ పిల్లది?" అంది మాబున్నీ. నాకు గుర్తు రాలేదు. పాతిక మంది ముందు నిలబడి, ఒక పేరు కోసం వెతుక్కుని, దొరక్క, కూర్చున్నాను. ఎవరూ నవ్వలేదు. అది నవ్వినదానికంటే కష్టంగా అనిపించింది. ఇంటికొచ్చాక పాత హాజరు పట్టీలు తిరగేశాను. పేరు దొరికింది. ఆమెతో మాట్లాడాను కూడా, కానీ అది ఆమె చెప్పుకోవాల్సిన సంగతి.

ఆ రోజు పది ఇళ్ళవాళ్ళూ మాట చెప్పేశారు. మధ్యాహ్నం నుంచే గొర్రు వంతులవారీగా చేలకి బయల్దేరింది, చీకటి పడ్డాక తిరిగి కొట్టంలోకి చేరింది. ఓబులమ్మ ఒక్కతే లేచి వెళ్ళిపోయింది. సాయంత్రం ఆమె చేను దగ్గరికి వెళ్ళి నేనూ వేలు గుచ్చి చూశాను. రెండో కణుపు దగ్గర తడి తగిలింది.

నాగన్న మాట

మూడో రోజు పొద్దున్నే నాగన్నని చూశాను. మాబున్నీ పాలకి పంపితే దారిలో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బక్కగా, పొడుగ్గా, గడ్డం మాసి ఉంది. ఆయనేనని నాకు తెలియదు. పాలెక్కడ దొరుకుతాయని అడిగితే చెయ్యి చూపించి, "నువ్వేనా పేరు మరిచిపోయిన టీచరమ్మవు?" అన్నాడు. ఊరంతా తెలిసిపోయిందన్నమాట. అవునన్నాను.

"అందరి ముందర కూర్చున్నాక ఎట్లుండె నీకు?"

"సిగ్గనిపించింది" అన్నాను. "తర్వాత నిద్ర మాత్రం బాగా పట్టింది."

నేను పాలు తీసుకుని వచ్చేసరికి అరుగు ఖాళీగా ఉంది.

ఎనిమిది గంటలకి కొట్టం ముందుకి వచ్చాడు. కబురు ఎలా పాకిందో, నిన్నటి జనం అందరూ చేలల్లోంచి మళ్ళీ వచ్చేశారు. ఓబులమ్మ నిన్నటి గోడ దగ్గరే ఉంది. నాగన్న కూర్చోలేదు. తువ్వాలు చేతుల్లో మెలిపెడుతూ నిలబడ్డాడు.

"పోయినేడు ఆగమని ఈయమ్మ చెప్పింది. నేను ఆగలేదు. ఆగింటే?" అని తనే అడిగి, తనే చెప్పుకుపోయాడు. "రెండో వాన ఇరవై దినాలకు వచ్చినాది. అప్పుడు ఏసింటే, కాయకు ఊడలు దిగే యాళకు వాన లేదు. కుళ్ళాయప్ప అట్లనే ఏసినాడు. ఆయప్పకూ కట్టె తప్ప కాయ రాలేదు. ఆగినా పంట వచ్చిండేది కాదు."

కుళ్ళాయప్ప అవునని తలూపాడు. పక్కన ఒకరిద్దరు కూడా అవునన్నారు. లెక్క సరిగానే ఉంది, పక్క చేలో సాక్ష్యం ఉంది. నాగన్న తప్పేమీ లేదని తేలిపోయింది. బాబయ్య మొలతాడు దగ్గరికి చెయ్యి పోనిచ్చి తాళంచెవి విప్పబోయాడు. నాకూ హమ్మయ్య అనిపించింది. ఓబులమ్మ మొహం వంక చూశాను. అది ఎలా ఉందో అలాగే ఉంది.

నాగన్న కూడా అటే చూస్తున్నాడు.

"ఏడాదిగా ఈ లెక్కే ఏస్తాండా మామా" అన్నాడు బాబయ్యతో. "ఎట్ల ఏసినా తప్పు నాది కాదనే వస్తాది. లెక్క ఏసుకోని ఇంట్లోకి పోతే ఈమె ముఖం అట్లనే ఉంటాది. ఇంకొకటి ఉండాది చెప్పేది."

బాబయ్య చెయ్యి ఆగింది.

"ఆ పొద్దు ఈమె ఆగుదామంటే, ఆరుమంది కూలోళ్ళ ముందర, చేను నీ నాయన తెచ్చినాడా, నోరు మూసుకోని ఇత్తనం పొయ్ అన్నా. నోరు మూసుకోని పోసింది. ఆ మాట అనకపోయింటే?"

బాబయ్య తాళంచెవి వదిలేసి, మెల్లగా, "ఆ తర్వాత?" అన్నాడు.

"ఇత్తనం అంతే పడిండేది. వాన అంతే. పంట అంతే పోయిండేది."

"ఆ తర్వాత?"

"పోయినాక ఇద్దరం ఒకచోట కూర్చోని ఏడ్చిండేవాళ్ళం." తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు. "ఇప్పుడు ఒక్కొక్కరమే ఏడ్చినాం."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. పక్కనున్న ముసలామె కూడా దాచుకోలేదు.

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత నాకు తెలీదు."

"తెలీనికాడ ఆపు" అన్నాడు బాబయ్య. "ఈసారి?" అని మాత్రం అడగలేదు. నిన్న కుళ్ళాయప్పని అడిగాడు, అందరినీ అడిగాడు. నాగన్నని అడగలేదు. ఎందుకు అడగలేదని తర్వాత నేను అడిగితే, అది అడగాల్సింది తాను కాదన్నాడు.

అందరూ ఓబులమ్మ వైపు తిరిగారు. ఆమె లేచి చీర దులుపుకుంది. మొగుడి వంక చూడలేదు. "మూడో కణుపుకు వచ్చేసినాది. ఏం చూస్తాండారు అందరూ? గొర్రు తీయండి" అంది.

గుట్టవాలు చేను

నా బస్సు పదకొండింటికి. తెగిన చెప్పు కుట్టించలేదు, బాబయ్య చిన్న ఇనపతీగ వేసి బిగించాడు, దాంతోనే చేలోకి వెళ్ళాను. మాబున్నీ దారిలో తినమని రెండు ఓళిగలు కాగితంలో చుట్టి ఇచ్చింది. మేం బొబ్బట్లంటాం. మా వాటికంటే రెండింతలు పెద్దవి, కాగితమంతా నెయ్యి.

ఎద్దుల్ని కట్టారు. నాగన్న గొర్రు మీద చెయ్యి వేసి పట్టుకున్నాడు. ఓబులమ్మ ఒడిలో విత్తనం నింపుకుని జడ్డిగం దగ్గర నిలబడింది. వెనక సాళ్ళు పూడ్చడానికి కూలివాళ్ళు. పోయినేడు ఆ మాట విన్న ఆరుగురిలో నలుగురు ఈ చేలోనే ఉన్నారని కుళ్ళాయప్ప నా చెవిలో చెప్పాడు.

మొదటి సాలు గుట్ట దిగువ నుంచి పైదాకా వెళ్ళింది. ఓబులమ్మ పిడికిలి లోంచి గింజలు గలగలా గొట్టాల్లోకి జారుతున్నాయి. గట్టు దగ్గరికొచ్చాక ఎద్దుల్ని తిప్పాలి. నాగన్న తిప్పలేదు. ఎద్దుల్ని ఆపి, వెనక్కి తిరిగాడు.

"లోతు చాల్నా?" అని అడిగాడు. అందరికీ వినబడేలాగే అడిగాడు.

ఓబులమ్మ వంగి, అప్పుడే పూడ్చిన సాలులోకి చూపుడువేలు గుచ్చింది. బయటికి తీసింది. కణుపులు చూసుకుంది. మళ్ళీ ఇంకోచోట గుచ్చింది. కూలివాళ్ళు నలుగురూ చేతుల్లో పని ఆపి నిలబడ్డారు. ఎద్దులు తల విదిలించాయి.

"చాల్దు" అంది. "ఇంకా అర కణుపు దిగల్ల. ఈ సాలు కూడా మళ్ళీ తోలల్ల."

మొత్తం సాలు, మళ్ళీ మొదట్నుంచి. నాగన్న ఎద్దుల్ని తిప్పి, దిగువకి తోలుకొచ్చి, గొర్రు మీద ఇంకాస్త బరువు వేసి, ఆమె పిడికిలి నింపుకునేదాకా ఆగాడు.